కత్తెర పడని తాను

ఇలా దగ్గరకు జరగండర్రా. ఆ ఫోను వెలుగు పడకుండా బోర్లా పెట్టండి. నా మొహం కనిపించకపోయినా నా మాట వినిపిస్తుందిలే.

మా అక్కకు చిన్నప్పటి నుంచీ చుక్కల పిచ్చి. పగలంతా కుట్టుమిషను మీద వంగిన మెడను రాత్రి మేడ మీద పైకెత్తి సేదతీరేది. వీధిలో దీపాలు పెరిగేకొద్దీ చుక్కలు తగ్గాయి. పాలపుంత అయితే మాయమే అయిపోయింది. అలాంటప్పుడు కంటి డాక్టరు చెప్పాడు: చూపు ఇక నిలవదు, ముందుగా పోయేది చీకట్లో చూపే అని.

"ఒక్కసారి పాలపుంత చూడాలండీ," అంది బావతో.

బావది రేకుల పని. గొంతు కూడా రేకు మోతే. "చీకటి చూడ్డానికి పెట్రోలు పోయించుకుని వెళ్ళాలా? కళ్ళు మూసుకుంటే పోలా!"

"మూసుకునే రోజు ఎలాగూ వస్తోంది. తెరిచి ఉండగా చూడనివ్వండి."

ఆ రాత్రే బావ మా ఇద్దరినీ వ్యానులో ఎక్కించుకుని, దూరంగా మూతపడిన రాళ్ళ క్వారీకి తీసుకెళ్ళాడు. చంద్రుడు వచ్చేలోపే చూడాలి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి చాలాసేపు పడుతుందని చెప్పి అక్క నేల మీద వెల్లకిలా పడుకుంది. ఆ సంగతి బావ బుర్రకెక్కలేదు పాపం. కాసేపటికి "ఏమే, చలేస్తోందా?" అంటూ టార్చి నేరుగా ఆమె మొహం మీదే వేశాడు.

"అయ్యో, మళ్ళీ మొదటికొచ్చిందండీ!" అక్క రెండు చేతులతో కళ్ళు కప్పుకుంది.

రాబోయే చంద్రుడి వెలుగుకు కొండ అంచు అప్పటికే తెల్లబడుతోంది. బావ టార్చిలోంచి బ్యాటరీలు ఊడదీసి నా ఒళ్ళో పడేశాడు. "దాచెయ్ మరదలా, నా చేతులు ఊరుకోవు." తన కోటు విప్పి అక్క మొహం మీద కప్పాడు. "ఇప్పుడు తీయనా?" అని గుసగుసగా అడుగుతూనే ఉన్నాడు. ఆ మనిషికి గుసగుస వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి అక్కే కోటు తీసింది. తల మెల్లగా అటూ ఇటూ తిప్పింది.

"కనిపిస్తోంది," అంది. "ఆ చివర నుంచి ఈ చివరకు... కత్తెర పడని గుడ్డ తాను."

బావ అక్కనే చూస్తున్నాడు.

"నన్ను కాదండీ, పైకి చూడండి."

చూశాడు. అక్క పక్కనే నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇంతలో చంద్రుడు వచ్చి అంతా చెరిపేశాడు.

మరుసటి ఏడు అక్క చూపు పూర్తిగా పోయింది. బావ మా వీధి దీపాలన్నిటికీ, వెలుగు కిందికే పడేలా రేకు టోపీలు చేసి తొడిగాడు.

"చూపు లేని మనిషికి చీకటెందుకయ్యా?" అన్నారు ఇరుగుపొరుగు.

"ఆవిడకి చెప్పాలంటే నాకు కనిపించొద్దూ?"

రోజూ మేడ మీద "ఇవాళ ఏం కనిపిస్తున్నాయండీ?" అని అక్క అడిగేది. ఆ రేకు మోత గొంతు తగ్గించుకుని, బావ ఒక్కొక్కటే చెప్పేవాడు.

ఇది గుర్తుంచుకుని మీ పిల్లలకూ చెప్పండర్రా. చెప్పేముందు మాత్రం దీపం ఆర్పండి.