నాగూర్ మీరా పసుపు

మాఘమాసమున తెనాలి పట్టణమునకు తెల్లవాఱుట కాలువలపై లేచు మంచుపొగతో గాక ముద్రణాలయములనుండి వెలువడు సిరా వాసనతోడనే యని చెప్పవచ్చును. మూఢము విడిచి ముహూర్తములు వరుసగట్టి నిలిచిన యా దినములలో వధూవరుల నామధేయములను మోసికొని శుభలేఖల కట్టలు రిక్షాలపైని ఆటోలపైని ఊరేగుచుండ బజారు బజారంతయు పెండ్లివారి విడిదివలె కలకలలాడుచుండెను.

ఆ కలకలము నడుమ మార్కెట్టు వెనుక సందులో మెట్లక్రింది గదియొకటి కలదు. అందు ఇరువదియేండ్లుగా కంప్యూటరుపై శుభలేఖలకు రూపురేఖలు దిద్దుచు జీవించు షేక్ నాగూర్ మీరా మాటలో మితభాషి, పనిలో పరమ మొండి. వినాయకుని తొండము ఏ వంక తిరుగవలెనో మామిడితోరణమున ఆకులెన్ని యున్న కంటికింపుగ నుండునో పురోహితులకంటె వానికే బాగుగ తెలియునని ఊరివారు పరిహాసమాడుదురు. అయినను వాని పేరు నిలిపినది పసుపు. పెండ్లివారు ఆచారము చొప్పున శుభలేఖ నాలుగుమూలల నిజమైన పసుపు నద్దినప్పుడు అది అచ్చులోని పసుపులో కలిసిపోయి ఎచట నద్దిరో కానరాకుండెడిది. ఆ వన్నెకు మీరా పసుపని పేరు. అది తప్ప వానికి వేఱు ఆస్తి లేదు.

ఆ యేటి తొలిపని మాణిక్యాంబగారిది. ఆమె కూతుండ్ర మువ్వురి శుభలేఖలును మీరా చేతివే. ఇప్పుడు మనుమరాలి వంతు వచ్చినది. ఆ పని చేతబట్టిన నాడే వాని ముసలి మానిటరు ఒక్కసారి మినుకుమని కన్ను మూసెను. లోపలి గ్రాఫిక్స్ కార్డును దాని దారినే పట్టెను. చేతిలోని సొమ్ము బెత్తెడు, కావలసిన సామగ్రి బారెడు అయినందున మీరా నిట్టూర్చుచు చెన్నకేశవులనెడి కంప్యూటరు సామగ్రి విక్రేత యంగడికి పోయెను.

అచట మూడు పంకలు గలిగి ఏడు వన్నెల దీపములతో తళతళలాడు గ్రాఫిక్స్ కార్డొకటి గాజుపెట్టెలో కొలువుదీరి యుండెను. దానిని చూడగనే మీరాకు ప్రాణము లేచి వచ్చెను. చెన్నకేశవులు నవ్వి అడ్డుపడెను.

“అది ఆటలాడే కుర్రాళ్లకండీ మీరా గారూ! పువ్వులూ అక్షరాలూ దిద్దే మీకెందుకు? చిన్న కార్డు చాలు. మిగిలింది తెర మీద పెట్టండి. తెర అబద్ధమాడితే ఎంత పెద్ద కార్డుండి ఏం లాభం?”

పిమ్మట నాతడు ఆడంబరము లేని మానిటరునొకదానిని చూపెను. ప్రక్కకు వంగి చూచినను దాని రంగు మారదు. చుట్టును గల చట్టము దారమంత సన్నము. క్రింది పట్టీ మాత్రము వెడల్పైనది. దాని నడుమ ఆవగింజంత కన్నొకటి యుండి గదిలోని వెలుతురు నరసి తదనుగుణముగ తెర వన్నెను సర్దుచుండును. “ఇందులో ఏది కనపడితే కాగితం మీద అదే వస్తుందండీ. కళ్లు మూసుకుని నమ్మొచ్చు” అని చెన్నకేశవులు చెప్పెను. మీరా నమ్మెను.

మఱునాటి యుదయమున లగ్నపత్రిక తెచ్చిన మాణిక్యాంబ ఆ క్రొత్త యంత్రమును చూచి బుగ్గన వ్రేలిడుకొనెను.

“కొత్త సామానుకి బొట్టన్నా పెట్టకుండా పని మొదలెడతావంటయ్యా? ముందు మా పిల్ల శుభలేఖేగా దిద్దేది!”

అని మందలించి సంచిలోని కుంకుమభరిణె తీసి తడిపిన పసుపు రూపాయిబిళ్లంత గుండ్రముగ నద్ది దానిపై కుంకుమ దిద్దెను. పైచట్టమున చోటు చాలనందున ఆ బొట్టు క్రింది పట్టీ నడుమ వెలసెను. మీరా వినయముతో తలవంచెను. ఆమె చేతి చలువ వాని కిరువదియేండ్ల పరిచయము. నాటినుండి తెరను తుడుచునపుడెల్ల ఆ బొట్టు చెదరకుండ గుడ్డను ప్రక్కకు త్రిప్పుచుండెను.

పని మొదలిడినంతనే తెరపై పసుపు ముదిరినట్లును కుంకుమ మండుచున్నట్లును తోచెను. క్రొత్త తెర నిజము చెప్పుచున్నది, ఇన్నాళ్లు పాతదే బొంకినదని యాతడు తలచెను. అట్లు తలచి మూడు దినములు కదలక కూర్చుండి పసుపును తగ్గించి తగ్గించి కంటికి సరిపడిన పిదపగాని లేవలేదు. పెండ్లిండ్ల రద్దీలో నమూనా ప్రతి తీయుటకు ముద్రణాలయమువారికి తీరిక లేదు. తెరను నమ్మిన మీరాకు తీయుమని యడుగవలెనని తోచనులేదు.

అచ్చయి వచ్చిన కట్ట విప్పిన మీరా చేయి గాలిలోనే నిలిచిపోయెను. పసుపుండవలసిన చోట బియ్యము కడిగిన నీళ్లవంటి వెలవెల. కుంకుమ యంచుండవలసిన చోట కమిలిన దెబ్బవంటి ఊదా. వినాయకుడు సయితము జ్వరపడి లేచినట్లుండెను. ఒకటి తీసెను, పది తీసెను, అడుగునుండి తీసెను. అన్నియు నట్లే యుండెను. వ్రేలితో సొరుగులోని పసుపు తీసి ఒక మూల నద్దగా అది కలిసిపోవుటకు మారు మరకవలె తేలి వెక్కిరించెను. ఇది శుభలేఖ కాదు, పెద్దకర్మ పత్రిక! పెండ్లికి పండ్రెండు దినములే యున్నవి. “మన పసుపు వాడికేం తెలుసు” అను మాట ఇరువదియేండ్లలో ఎవ్వరి నోటను రాలేదు. ఇక వచ్చునని తలచి మీరా నిలువునా నీరయ్యెను.

కబురందుకొని పరుగున వచ్చిన చెన్నకేశవులు తీగెలను చూచెను, కార్డును చూచెను, తెర అమరికలన్నియు తిరుగవేసెను. ఎందును దోషము లేదు. తుద కాతని చూపు క్రింది పట్టీపై ఆగి అచటనే పాతుకొనిపోయెను.

“మీరా గారూ, దీని కన్నేదండీ? అమ్మో, బొట్టు కిందుండిపోయిందండీ! పసుపు కుంకుమల్లోంచి చూసి గదంతా సందెదీపమంత ఎర్రగా ఉందనుకుంది. తెరంతా ఆ రంగు పులిమి కూర్చుంది. మీరేమో తగ్గించుకుంటూ పోయారు!”

“నా పసుపుని నా చేత్తో నేనే తీసేశానా?” అని మీరా గోడకు చేరబడెను. చెన్నకేశవులు గోటితో బొట్టు గీకబోగా వాని మణికట్టు పట్టుకొని ఆపెను.

“ఆగవయ్యా! పెద్దావిడ పెట్టిన బొట్టది. ఈ సంగతి ఆవిడకి తెలియనీకు. తప్పు నాదని చెప్తా.”

“మీ పేరు పోదాండీ?”

“పోతే నా ఒక్కడిదే పోద్ది. పెళ్లి ముంగిట ఆవిడ చెయ్యి మంచిది కాదనిపించుకోకూడదు.”

ఆ మాట ముగియకమున్నే గడపలో గాజులు గలగలలాడెను. మాణిక్యాంబ లోనికి వచ్చి బల్లపైని పత్రిక నొకటి తీసికొని చూచెను. ఆమె మొగమున నెత్తురుచుక్క లేకుండెను.

“ఇట్టాంటిది మా అత్తగారి పెద్దకర్మకి కొట్టించాం. అదీ నువ్వే చేశావు, మీరా.”

“నా కళ్లే మోసపోయినయ్యమ్మా. తప్పు నాదే.”

“అబద్ధమాడటం నీకు చాతకాదు. గడపలో నిలబడి అంతా విన్నా.”

ఆమె తన కుడిచేతి వ్రేళ్లను తానే క్రొత్తగా చూచుచున్నట్లు చాలసేపు చూచి తుదకు మానిటరు ముందు నిలిచెను. తుడువనా యని చెన్నకేశవులు మెల్లగ నడుగగా పెండ్లినాళ్లలో ఉత్తినే బొట్టు చెరపరాదని గద్దించెను. అంత నామె భరిణె తీసి ప్రక్కనున్న కంప్యూటరు పెట్టె నెత్తిన క్రొత్త బొట్టు తీర్చిదిద్దెను. అది ఆరినదాక నిలిచి కొంగుచివర తడిపి మానిటరు పట్టీపైని పాతబొట్టును మెల్లగ తుడిచెను.

“పుస్తెలతాడు మార్చేటప్పుడు కొత్తది మెళ్లో పడ్డాకే పాతది తీస్తాం. ఇదీ అంతే. ఇక కూర్చో నాయనా, మొదటినుంచీ దిద్దు.”

ఆవగింజంత కన్ను తెఱచుకొనెను. తెరమీది ఎఱుపు మెల్లమెల్లగ విడిపోగా మూడు దినములు తాను చేసిన ఘాతుకము పాలిపోయిన రూపుతో ఎదుట నిలువగ చూచి మీరా రెండవమాఱు ఉలికిపడెను. మొదటినుండి దిద్దుటకు కూర్చుండెను. సాయంకాలమునకు పసుపు తిరిగి వచ్చెను. ఈ మాఱు ముద్రణాలయపు గుమ్మమున తానే నిలిచి నమూనా ప్రతి చేతికందినదాక కదలలేదు.

పెండ్లికి వారముండగా క్రొత్త కట్ట మాణిక్యాంబ యింటి నట్టింట విప్పబడెను. ఎంత ఆదరముతో పెట్టిన బొట్టైనను కంటిమీద పడినచో చూపు మారును. ఆ సంగతి తెలిసి తన చేతితో తానే తుడుచుకొనగలవారు లోకమున అరుదు. అట్టి మాణిక్యాంబ తొలి శుభలేఖ మూలను పసుపు నద్ది వెలుతురున కెత్తి చూచి అద్దలేదేమోనని భ్రమసి మరల నద్దెను. మరల వెదకి చూచెను. పసుపెచట నున్నదో కానరాలేదు. గుమ్మముకడ నిలిచియున్న నాగూర్ మీరా ఆమె తడుములాటను చూచుచు కన్నులు తుడుచుకొనెను.