గొంగడి తాత పడిపోయిన రోజు

వాగు మధ్యలో, నీళ్లు సుడి తిరిగే చోట, గొంగడి తాత గాలిలోంచి జారాడు.

జారడం కూడా కాదు, రాయి పడ్డట్టు పడ్డాడు. చంకలో ట్రాక్టర్ డ్రైవర్ లక్ష్మా. భుజాల మీద నల్ల గొంగడి. దబ్బున చప్పుడైంది. ఆ తర్వాత ఎర్రటి వరద తప్ప ఏమీ కనిపించలేదు.

ఒడ్డు మీద తాత జోడీ, చిన్నపిల్ల వర్ష ఉంది. గంగారం అడవిలో పొద్దటి నుంచి ఒకటే వాన. నాట్లకు పోతున్న కూలీల ట్రాలీ కల్వర్టు మీద వరదకు చిక్కితే, అందరినీ ఎత్తుకొచ్చి ఒడ్డున దించాడు తాత. మిగిలింది లక్ష్మా ఒక్కడే. ఒక్కొక్కరిని తెచ్చినప్పుడల్లా తాత కొంచెం కొంచెం కిందికి దిగడం ఆమె చూస్తూనే ఉంది.

ఏడవడానికి టైం లేదు. నడుముకున్న వడిసెల తీసింది. జొన్నచేలో పిట్టల్ని తోలే ఆ వడిసెలే ఆమె ఆయుధం. కూలీల దగ్గరున్న తాడు అందుకొని, దాని కొసకు రాయి కట్టి, వడిసెలలో పెట్టి, తల చుట్టూ గిర్రున తిప్పి వదిలింది. తాడు వాగు మీదుగా పాములా పోయి, నీళ్లలోంచి లేచిన ఒక చేతి పక్కన పడింది. లక్ష్మా పట్టుకున్నాడు. అతని మెడ పట్టుకొని తాత ఉన్నాడు. కూలీలంతా కలిసి తాడు లాగారు.

ఒడ్డుకు చేరాక తాత బురదలోనే కూర్చున్నాడు. పేరు యాదగిరి, అరవై దాటిన మనిషి. లింగాల ఘనపూర్‌లో గొర్లకాపరి. గొంగడి కప్పుకొని మడమతో నేలను తన్నాడంటే గాలి ఆయన్ను ఎత్తుకునేది. "గాలికి మనిషితోని పనిలేదు బిడ్డా, గొంగడినే పట్టుకుంటది" అనేవాడు వర్షతో. పక్కవాడలో ఉండే ఆ పిల్ల వడిసెల గురి నచ్చి, తనంత తానే జోడీగా పెట్టుకున్నాడు.

"ఏమైంది తాతా?"

"ఏం గాలె. వయసు."

"పొద్దుగాల లేని వయసు గీ వాగులకెల్లి వచ్చిందా?"

తాత నవ్వలేదు. వర్ష తడిసిన గొంగడి పిండబోతే చటుక్కున లాక్కున్నాడు. "ఉండనీ. నేను చూసుకుంట." ఉండచుట్టి చంకలో పెట్టుకున్నాడు. అది పసిగుడ్డంత బరువుగా వేలాడింది. "ఇంటికి పోయి కొయ్యకు తగిలిస్త. ఇగ తియ్య. చాలు బిడ్డా."

ఆ మాటకు వర్షకు వాగును చూసినప్పటి కన్నా ఎక్కువ భయం వేసింది.

పొద్దున గాలిలో వచ్చినవాళ్లు బస్సులో తిరుగు ప్రయాణం కట్టారు. కిటికీ పక్కన తాత కళ్లు మూసుకున్నాడు. వర్ష బుర్ర మాత్రం పరుగెడుతోంది. వయసు కాదు. వయసైతే రోజురోజుకూ తెలుస్తుంది, ఒక్క పూటలో కూలిపోదు. ఎవరో గొంగడికి ఏదో చేశారు. ఆ ఎవరో దొరికితే తాత మళ్లీ లేస్తాడు. దొరక్కపోతే దోషం వయసుదే అవుతుంది. వయసును పట్టి ఏ ఠాణాలో అప్పజెప్పాలి?

మహబూబాబాద్‌లో బస్సు దిగగానే దొంగ ఎదురుగానే కనిపించాడు.

మిడతల మధు. చిటికేస్తే మిడతల దండు దిగేది వాడికి. భూపాలపల్లి వైపు మిరప తోటల మీదికి దండును తోలి రైతులను బెదిరిస్తుంటే తాతా వర్షా పట్టిచ్చారు. ఇప్పుడు బెయిల్ మీద వచ్చి బస్టాండ్ బయట బజ్జీల బండి పెట్టుకున్నాడు. తాతను బెంచీ మీద కూర్చోబెట్టి, వర్ష వడిసెలలో రాయి పెట్టుకొని బండి దగ్గరికి పోయింది.

"తాత గొంగడిని ఏం జేసినవ్?"

"ఓహో, నువ్వా? దా, బజ్జీ తిను."

"తిననీకి రాలె. తాత గాల్లకెల్లి పడ్డడు. ఏం జేసినవ్ చెప్పు."

మధు జాలిగరిటె నూనెలోనే ఆగిపోయింది. మెడ చాచి బెంచీ వైపు చూశాడు. "పడ్డడా? దెబ్బలు తాకినయా?"

"నాటకాలొద్దు."

"నేనే చేస్తే డప్పు కొట్టించుకోనా పిల్లా? గాయిన ఇంట్ల కూసుంటే నేనెవలతోని కొట్లాడాలె? నీతోనా? నీకింక పాలపండ్లే ఊడలె." కాగితంలో బజ్జీలు చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ముసలాయనకియ్యి. కారం తక్కువున్నవి ఏరిన."

వాడి మొహంలో అబద్ధం లేదు. వర్షకు అదే మరింత పరేషాన్ అయింది.

రైల్లో బజ్జీలు తింటూ అడిగింది. "తాతా, దొంగ ఎవలో నీకు తెల్సా?"

"దొంగ లేడు, గింగ లేడు. తిను."

అక్కడ పట్టుబడ్డాడు తాత. దొంగ పేరు తెలియకుండా ఒక్క కేసూ విడిచిన మనిషి కాదాయన. పని అయ్యాక గొంగడిని కొయ్యకు తగిలించి, దాని ముందు నిలబడి, దొంగ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు పైకి చెప్పాలి. చెప్పేదాకా గొంగడి కొయ్య దిగకూడదు. అది ఆయన పెట్టిన నియమమే. "లోపల వెట్టుకున్న పేరు పురుగై తొలుస్తది బిడ్డా" అని నేర్పిందీ ఆయనే. అలాంటి మనిషి ఇవాళ దొంగే లేడంటున్నాడు. అంటే దొంగ ఆయనకు తెలుసు. తెలిసీ దాస్తున్నాడు.

ఎవరి కోసం?

జనగామలో రైలు దిగి, ఆటోలో ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. తాత భార్య రాజమణి వాకిట్లోనే ఉంది. పెనిమిటి బురద అవతారం చూసి నోరు విప్పింది.

"ఎగురుకుంట పోయినోనివి ఆటోల వస్తివి. బాగనే ఉన్నది నీ షాన్."

తాత గొంగడిని కొయ్యకు తగిలించాడు. అది గోడ పొడవునా కారుతూ వేలాడింది. ఇన్నేళ్లలో ఎంత వానలోనైనా దాని మీద నీళ్లు గింజల్లా దొర్లిపోయేవే తప్ప లోపలికి దిగలేదు. ఈసారి వాగునంతా తాగేసింది. తాత ఆపేలోగా వర్ష దాని అంచు పట్టి గట్టిగా పిండింది.

తెల్లటి నురగ వచ్చింది.

నురగతో పాటు పూల వాసన. పొద్దున బయలుదేరేటప్పుడు ఆ వాసనకే వర్ష మురిసిపోయింది. తాత కూడా గొంగడిని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకొని, ఆమె మొహంలోకి చూసి, తల నిమిరాడు.

రాజమణి వేలితో నురగ తీసి చూసింది. "సబ్బు. గొంగడిని ఎవలన్న సబ్బేసి ఉతుకుతరా? గంజి పోయె, ఉన్ని జిడ్డు పోయె, వాన నీళ్లు లోపలికి దిగె. ఇగ గాలి దేన్ని పడ్తది?" అంతలోనే ఆమె కళ్లు తుడుచుకుంది. "అయితే వయసు గాదన్నట్టు. చింతగింజలు ఉడకబెట్టి గంజి పట్టిస్త. బిగుసుకుంటది. మళ్ల తిరుగు ఊర్లన్నీ."

"వద్దు," అన్నాడు తాత. "కొయ్య మీదనే ఉండనీ. పేరు చెప్పంది దిగొద్దు. నేను చెప్ప."

ఆయన వర్ష వైపు చూడలేదు. చూడకపోవడంలోనే అంతా ఉంది.

మొన్న జనగామలో బడి సభకు తాతను పిలిచి శాలువా కప్పారు. ముందు వరుస పిల్లలు గొంగడి గొర్రె వాసన వస్తోందని ముక్కులు మూసుకున్నారు. తాత చూడనట్టే నవ్వుతూ కూర్చున్నాడు. వర్ష చూసింది. ఆదివారం ఆయన గొర్ల వెంట పోయినప్పుడు గొంగడిని ఎత్తుకుపోయి, అమ్మ వాషింగ్ మెషిన్‌లో వేసి, ఇక ఎవరూ ముక్కు మూసుకోకూడదని రెండు మూతల సబ్బు పౌడర్ పోసింది.

"పో బిడ్డా, మీ అమ్మ ఎదురుచూస్తది," అన్నాడు తాత మెల్లగా. "వయసే అనుకుందం. నాకేం కష్టం లేదు."

వర్ష పోలేదు. తడి చేతులు గౌనుకు తుడుచుకుంది. ఎప్పుడూ తాత నిలబడే చోట, కొయ్య ముందు, నిటారుగా నిలబడింది. పేరు పైకి, స్పష్టంగా చెప్పింది.

"వర్ష. సాయిలు బిడ్డ వర్ష. లింగాల ఘనపూర్."