రెండుకీ మూడుకీ మధ్య

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో పన్నెండుమంది మెకానిక్కులు. వాళ్లలో ఆడమనిషి ఒక్కతే. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుందని, చేరిన కొత్తలో ఎవరో వెక్కిరింపుగా "పానక్క" అన్నారు. ఏడేళ్లలో వెక్కిరింపు అరిగిపోయి పేరు మాత్రం మిగిలింది.

లిఫ్టు పనంటే ఇద్దరి పని. ఒకరు మేడమీద మెషిన్ గదిలో ఉంటే ఇంకొకరు కింద, లిఫ్టు గుంతలో ఉండాలి. ఆమెకు పని నేర్పిన పెద్ద మెకానిక్ ఉన్నన్నాళ్లూ జతకు లోటు లేకపోయింది. ఆయన రిటైరయ్యాక ఇంకొకతన్ని జతచేశారు. నెల తిరక్కుండానే అతని భార్య బిడ్డను చంకనేసుకుని నేరుగా ఆఫీసుకు వచ్చింది.

"ఆ చీకటి గుంతలో మా ఆయన పరాయి ఆడమనిషితో గంటలు గంటలు ఏం చేస్తాడండీ?" అని మేనేజరును నిలదీసింది.

"గ్రీజు పూస్తాడమ్మా" అన్నాడు మేనేజరు.

ఆఫీసంతా గొల్లుమంది. పానక్క కూడా నవ్వింది. మర్నాటినుంచి ఆమెను ఒక్కదాన్నే పంపడం మొదలుపెట్టారు. బటన్ నొక్కితే పలకకపోవడం, లోపల లైటు పోవడం, తలుపు సరిగా మూసుకోకపోవడం, ఇలాంటి చిల్లర పనులకి. "నీకే సుఖం కదమ్మా, ఎవరి పోరూ ఉండదు" అన్నాడు మేనేజరు. పోరు లేని మాట నిజమే. మాట కూడా లేదు.

మధ్యాహ్నం ఏ మేడ మెట్ల మీదో కూర్చుని అన్నం డబ్బా తెరిచేది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమె మోకాళ్లు తగలకుండా పక్కకు ఒదిగి వెళ్లేవారు. "మా పనిమనిషి మానేసింది, నువ్వు చేస్తావా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు పెళ్లిసంబంధాలు వచ్చేవి. వచ్చిన ప్రతివాళ్లూ "పెళ్లయ్యాక ఇది మానేస్తుంది కదా?" అని అడిగేవారు. కొన్నాళ్లకు ఆ ప్రశ్న ఆగిపోయింది, దాంతోపాటే సంబంధాలూ ఆగిపోయాయి. సాయంత్రం అద్దె గదికి చేరి రేడియో పెట్టుకునేది. వార్తలు చదివే మనిషి "నమస్కారం" అంటే ఒక్కోరోజు ఈమె కూడా "నమస్కారం" అనేసి, తన గొంతు విని తనే ఉలిక్కిపడేది.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికి ఐదంతస్తుల మేడ నుంచి ఫోనొచ్చింది. లిఫ్టు ఆగిపోయిందన్నారే గానీ లోపల మనిషి ఉందని చెప్పలేదు. మేనేజరు మామూలుగానే పానక్కను పంపాడు.

గుమ్మం దగ్గర ఆ మేడ సంఘం సెక్రటరీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆమె స్కూటరు దిగి పనిముట్ల సంచి భుజాన వేసుకోగానే వెనక్కి తొంగిచూశాడు.

"మెకానిక్ ఏడమ్మా?"

"నేనేనండీ."

"అది కాదమ్మా, పని చేసే మనిషి?"

"ఆ మనిషినే నేను."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, "ఐదో అంతస్తు పెద్దావిడ లోపల ఇరుక్కుపోయింది. అరగంటైంది. నువ్వేమో ఒక్కదానివే వచ్చావు!" అన్నాడు.

పానక్క మెట్లెక్కింది. లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య నిలిచిపోయి ఉంది. రెండో అంతస్తులో బయటి తలుపును తాళంచెవితో తీసి, లోపలి తలుపును జానెడు పక్కకు జరిపింది. లిఫ్టు నేల సరిగ్గా ఆమె గుండెల ఎత్తున ఉంది. లోపల లైటు వెలుగుతోంది. అరవై దాటిన ఒకావిడ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, కూరల సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. భయపడుతున్న మనిషిలా లేదు.

"భయం లేదండీ, అమ్మగారూ. నేను లిఫ్టు మెకానిక్‌ని."

"ఆడపిల్లవా!" అంది పెద్దావిడ. అని, చిన్నగా నవ్వింది. "మంచిదే."

వెనక నుంచి సెక్రటరీ, "ఆ సందులోంచి కిందికి లాగెయ్, నేనూ ఓ చెయ్యి వేస్తా" అన్నాడు.

"వద్దండీ. లిఫ్టు కింద ఖాళీ చూడండి. కాలు జారితే నేరుగా గుంతలోకే. మెషిన్ గదిలోంచి చక్రం తిప్పి జరపాలి. ఒకరు బ్రేకు ఎత్తి పట్టుకోవాలి, నేను తిప్పుతాను. మీరొస్తారా?"

"నేనా? నాకు నడుం నొప్పి. అయినా ఏదైనా అయితే పూచీ ఎవరిది? మీ ఆఫీసుకు చెప్పి మగవాళ్లను పిలిపిస్తానుండు."

ఆయన అక్కడే ఫోన్ చేశాడు. ఇంకో జత ఊరికి ఆ చివర పనిలో ఉంది, గంట పడుతుందన్నారు. "గంటేగా, అప్పటిదాకా నువ్వేమీ ముట్టుకోకు" అని చెప్పి ఆయన భోజనానికి వెళ్లిపోయాడు.

పానక్కకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట పెద్దావిడకు ఎలా చెప్పాలో తెలియలేదు. చివరికి, "గంట పడుతుందట అమ్మగారూ" అంది.

"పట్టనీ తల్లీ. తొందరేముంది?"

ఐదో అంతస్తు నుంచి మెట్లదారిలో ఒక మగగొంతు మోగింది. "ఏమేవ్! నా బీపీ మాత్రలు ఎక్కడ పెట్టావ్?"

పెద్దావిడ పెదవుల మీద వేలు పెట్టుకుంది. కాసేపటికి ఒక ఆడగొంతు, "అత్తయ్యా, కుక్కర్ మూత రావట్లేదు!" అంది. ఆ తర్వాత "నాయనమ్మా" అని ఇంకో కేక. అన్నీ మెట్లమీదుగా దొర్లుకుంటూ వచ్చి లిఫ్టు తలుపు దగ్గర ఆగిపోయాయి.

"పలకరా?" అంది పానక్క మెల్లగా.

"ఇన్నాళ్లూ పలుకుతూనే ఉన్నాను. కోడలొస్తే కాస్త తీరిక దొరుకుతుందనుకున్నా. ఆ పిల్లకీ ఉద్యోగం, పాపం దానికీ తీరదు. ఇవాళ ఆగిపోగానే మొదట గుండె ఝల్లుమంది, అబద్ధమెందుకు. తర్వాత ఇక్కడ చతికిలబడ్డాను చూడు, ఏదో కొత్తగా ఉందే అనిపించింది. ఏమిటా అని చూసుకుంటే, నన్నెవరూ లేపట్లేదు!"

పానక్క ఫక్కున నవ్వింది. నవ్వి చాలా రోజులైనట్టు దవడలు పట్టేశాయి.

"నువ్వు చెప్పు. ఇలా ఒక్కదానివే తిరుగుతావా?"

మామూలుగా అయితే "అవునండీ" అని ఊరుకునేది. ఆరోజు నోరు కట్టలు తెంచుకుంది. గ్రీజు సంగతి చెప్పింది, మెట్ల మీద అన్నం సంగతి చెప్పింది. దాహమైనా నీళ్లు తాగకుండా ఉండటం చెప్పింది, తాగితే ఎవరి గుమ్మంలో నిలబడి బాత్రూమ్ అడగాలో తెలియక. రేడియోకు నమస్కారం పెట్టే సంగతి కూడా చెప్పేసి, సిగ్గుపడి తలొంచుకుంది.

పెద్దావిడ నవ్వలేదు. తలుపు సందులోంచి చెయ్యి చాపి ఆమె తల నిమిరింది. "మాట్లాడే మనిషి లేక నువ్వు, మాట్లాడకుండా కూర్చునే చోటు లేక నేను. బాగానే దొరికాం ఒకరికొకరం" అంది. కూరల సంచిలోంచి ఒక కేరట్ తీసి, కొంగుతో గట్టిగా తుడిచి, విరిచి సగం ఇచ్చింది. ఒకరు లోపల, ఒకరు బయట, కరకరా నమిలారు.

మూడున్నర దాటినా రావలసినవాళ్లు రాలేదు. పెద్దావిడ ఇబ్బందిగా కదిలింది.

"ఇంక చాలు తల్లీ, నన్ను బయటపడెయ్. కాసేపు ఒంటరిగా ఉందామన్నా ఈ వయసులో బాత్రూమ్ ఊరుకోదు."

పానక్క ఇక సెక్రటరీ కోసం చూడలేదు. తలుపులు రెండూ మూసి, తాళం పడిందో లేదో లాగి చూసి, రెండేసి మెట్ల చొప్పున ఐదో అంతస్తు ఎక్కింది. పెద్దావిడ భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఏదో పెద్ద ఆఫీసులో అధికారిగా చేసి రిటైరైన మనిషి.

"బాబాయిగారూ, ఒకసారి మేడమీదకి రండి. బ్రేకు పట్టుకోవాలి."

"నేనా? నాకిలాంటివి అలవాటు లేదమ్మా!"

"నేను ఎత్తమన్నప్పుడు ఎత్తాలి, వదలమన్నప్పుడు వదలాలి. అంతే. మధ్యలో సొంత తెలివి వాడకండి."

ఆయన జీవితంలో ఆ మాట ఎవరూ అని ఉండరు. చెప్పులు తొడుక్కుని ఆమె వెనకే నడిచాడు.

మెషిన్ గదిలో వేడి, గ్రీజు వాసన. పానక్క మెయిన్ స్విచ్ కట్టేసి, బ్రేకు కడ్డీని ఆయన చేతిలో పెట్టింది. లిఫ్టులో ఒక్క మనిషే ఉన్నప్పుడు తాడు రెండో కొసకు వేలాడే దిమ్మల బరువుదే పైచేయి, అందుకని పైకి జరపడమే తేలిక. "ఎత్తండి" అంది. చక్రం పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పింది. "వదలండి." మళ్లీ "ఎత్తండి." ఆయన నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది, అయినా చెప్పింది చెప్పినట్టు చేశాడు.

"ఆవిడ ఇంతసేపు ఇంట్లో లేకుండా ఎప్పుడూ లేదమ్మా" అన్నాడు హఠాత్తుగా. "మాత్రలు దొరకలేదు."

"అవి కాదండీ, ఆవిడ సంగతి అడగండి. ఎత్తండి."

తాడు మీద మూడో అంతస్తుకు వేసిన రంగు గుర్తు సరిగ్గా చోటుకు వచ్చింది. "వదలండి. అయిపోయింది."

పరుగున దిగి మూడో అంతస్తు తలుపు తీసేసరికి కోడలూ మనవడూ సెక్రటరీ అందరూ అక్కడే ఉన్నారు. పెద్దావిడ బయట అడుగుపెట్టిందో లేదో నాలుగు వైపుల నుంచి పిలుపులు కమ్ముకున్నాయి. కోడలు సంచి అందుకుంది. వెనకే దిగివచ్చిన భర్త మాట్లాడబోయి, ఏం అడగాలో తోచక, "మాత్రలు..." అన్నాడు. పెద్దావిడ అందరినీ తప్పించుకుని దగ్గరున్న ఇంట్లోకి బాత్రూమ్ కోసం వెళ్లిపోయింది. పానక్క వైపు ఒక్కసారి తిరిగిందేమో, మధ్యలో ఇన్ని భుజాలుంటే కనిపించలేదు.

అప్పుడే ఇద్దరు మగ మెకానిక్కులు రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు.

"సమయానికి వచ్చారయ్యా!" అని సెక్రటరీ వాళ్లకు ఎదురెళ్లి, పని పూర్తయిన చీటీ సంతకానికి చాచాడు. వాళ్లలో పెద్దవాణ్ణి కంపెనీలో అందరూ మూగాయన అంటారు, రోజుకు పది మాటలు మించి మాట్లాడడు గనుక. అతను చీటీ చూసి, "మేం చేసిందేం లేదు" అని దాన్ని పానక్క చేతిలో పెట్టి, వచ్చిన దారినే దిగిపోయాడు.

వారం తిరిగేసరికి సెక్రటరీ రాసిన ఉత్తరం ఆఫీసుకు వచ్చింది. ఆ ఆడమనిషి బీపీ ఉన్న పెద్దమనిషి చేత కూలిపని చేయించింది, ఇకమీదట మగవాళ్లనే పంపండి, అని. మేనేజరు ఆ మేడను ఆమె జాబితాలోంచి కొట్టేశాడు. "నీ మంచికేనమ్మా" అన్నాడు.

పానక్క సంచిని బల్లమీద పెట్టింది. "ఇద్దరి పనికి ఇద్దర్ని పంపండి. ఇక ఒక్కదాన్నే వెళ్లను."

"నీతో ఎవరొస్తారు?"

"అది మీరు చూసుకోవాలి. ఇన్నాళ్లూ నేనే చూసుకున్నాను."

మూడు రోజులు పనివ్వలేదు. ఆఫీసు మూల బెంచీ మీద కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు ఆమెను కుర్చీనో బీరువానో చూసినట్టు చూసి వెళ్లారు. ఆదివారం ఏమీ తోచక ఆ మేడ వైపు వెళ్లి, రోడ్డుకు ఇవతల స్కూటరు ఆపింది. ఐదో అంతస్తు బాల్కనీలో పెద్దావిడ బట్టలు ఆరేస్తోంది. పిలుద్దామా అనుకుంది. ఆవిడకు ఇంకో పిలుపా అనిపించి ఊరుకుంది. ఇంతలో లోపల నుంచి ఎవరో పిలిచినట్టున్నారు, చేతిలో బట్ట తీగమీద సగం వేసి వదిలేసి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

నాలుగో పనిరోజు పొద్దున మూగాయన వచ్చి బెంచీ ముందు నిలబడ్డాడు.

"రా, పోదాం."

మేనేజరు నవ్వుతూ, "మరి మీ ఆవిడ ఏమీ అనదా?" అన్నాడు.

"పోయి మూడేళ్లయింది. ఏమీ అనదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆరోజంతా మూగాయన పని మాటలు తప్ప మరో మాట మాట్లాడలేదు. మధ్యాహ్నం ఒక మేడ మెట్ల మీద ఆమె కూర్చుంటే, అతను నాలుగు మెట్లు కింద, గోడవైపు తిరిగి కూర్చుని డబ్బా విప్పాడు. ఆ నిశ్శబ్దం భరించలేక పానక్క అతని వీపుకు పెద్దావిడ కథంతా చెప్పింది. పిలిస్తే పలకకపోవడం, కేరట్ విరిచి ఇవ్వడం, ఏదీ వదలకుండా. అతను విన్నాడో లేదో తెలియలేదు. డబ్బా కడిగి, మూత బిగించాక అన్నాడు.

"మా ఇంట్లో మా ఆవిడ ఎక్కడ కూర్చునేదో ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. నిలబడి ఉన్నదే గుర్తొస్తోంది."

అతను సంచి భుజాన వేసుకుని గుంతలోకి దిగడానికి వెళ్లాడు. ఆమె మెషిన్ గది మెట్లెక్కింది.