పది సెకన్ల సీటు

నేను ఒక సీటును. కారులో కుడివైపు, స్టీరింగు వెనక ఉండే సీటును. కారుకు పేరుంటుంది, నంబరుంటుంది, ఆఖరికి ఇంజనుకు కూడా నంబరుంటుంది. నాకు ఏమీ లేదు. కారు కొనడానికి వచ్చినవాడు రంగు చూస్తాడు, మైలేజీ అడుగుతాడు, పాట పెట్టి వింటాడు. దేనిమీద కూర్చుని ఇదంతా చేస్తున్నాడో దానివైపు మాత్రం కన్నెత్తి చూడడు.

చెన్నై దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. ఇనుప గొట్టాలు వంచి చట్రం చేశారు. దానిమీద స్పాంజి బిగించి, బూడిదరంగు గుడ్డ తొడిగారు. ఆ రోజు నాతోపాటు నాలుగు వందల సీట్లు పుట్టాయి. మమ్మల్ని కన్నవాళ్లు కూడా ఏది ఏదో చెప్పలేరు.

నా మొదటి యజమాని విజయనగరంలో బ్యాంకు మేనేజరు. కంపెనీవాళ్లు తొడిగి పంపిన ప్లాస్టిక్ కవరు ఆయన ఆరేళ్లపాటు తియ్యలేదు. తీస్తే సీటు మాసిపోతుందట. మే నెలలో చొక్కా వీపుకు, వీపు ప్లాస్టిక్‌కు అతుక్కుపోయి, దిగేటప్పుడు పుండు మీద పట్టీ పీకినట్టు చప్పుడయ్యేది. ఆరేళ్లూ పంటి బిగువున భరించాడు. కారు అమ్మేరోజున కవరు చింపి, "చూశారా, సీట్లు ఇంకా కొత్తవే" అని గర్వంగా చూపించాడు. నిజమే. ఆయన నామీద ఒక్కరోజు కూడా కూర్చోలేదు!

కొన్నది విశాఖపట్నంలో ఒక డ్రైవింగ్ స్కూలు. అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాను. అరగంటకొక కొత్త మనిషి. ఎక్కినవాడు నా కుడి అంచు మీదుగా జారుతూ ఎక్కుతాడు, బతికి బయటపడ్డానన్న సంబరంలో దాన్నే తొక్కుకుంటూ దిగుతాడు. కూర్చున్నంతసేపూ పక్కనుంచి మాస్టారు "హాఫ్ క్లచ్! హాఫ్ క్లచ్!" అని అరుస్తూనే ఉంటాడు. పాపం ఆ ఎడమ తొడ అరగంటసేపు నా ముందు అంచు మీద వణుకుతూ ఉండేది. వేలమంది అలా వణికాక నా ఎడమ ముందుభాగం రెండు వేళ్ల లోతు కుంగిపోయింది. కుడి అంచు చదునైపోయింది. కారు తుక్కుకు వెళ్లినప్పుడు నన్ను ఊడదీసినవాడు ఒక్క చూపు చూసి, "ఇది అయిపోయింది" అన్నాడు.

అలా గాజువాక ఆటోనగర్‌లో రవణమ్మ తుక్కు కొట్టుకు చేరాను. రవణమ్మ వయసు అరవై దాటింది. గొంతు ఆ చివరి షెడ్డు దాకా వినిపిస్తుంది. నన్ను ఎవరూ కొనరని తేల్చుకుని, కొట్టు గుమ్మంలో రేకు నీడన నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, తనే కూర్చోవడం మొదలుపెట్టింది. మూడేళ్లు ఆమె సింహాసనాన్ని నేను. ఎదురుగా రోడ్డుకు అవతల పైడిరాజు మెకానిక్ షెడ్డు. అందుకే ఆ కథంతా మొదటినుంచీ చూశాను.

ఒకరోజు లారీ మీద ఒక కారు దిగింది. రెండే తలుపులు, వెనక్కి వాలుగా జారే పైకప్పు, నేలకు జానెడెత్తున పొంచి కూర్చున్న పులిలాంటి ఒళ్లు. యాభై ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిన కారు. లోపల సీట్లు ఎలకలపాలయ్యాయి. వాటి చట్రం ముట్టుకుంటే తుప్పు పొడిగా రాలుతోంది. దాని వెనకే ఆటోలో యజమానురాలు వచ్చింది. పేరు హైమవతి. కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతుంది. యాభై నాలుగేళ్లుంటాయి. ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తుంది.

ఆవిడ సంగతి పైడిరాజు టీ తాగుతూ అందరికీ చెప్పాడు. ఇరవై మూడేళ్ల వయసులో ఒక నేవీ ఆఫీసరు దగ్గర ఈ కారు కొనుక్కుని, కొండరోడ్ల మీద పందేలకు వెళ్లేదట. పద్నాలుగేళ్ల కిందట స్కూటరు మీద వెళ్తుంటే లారీ గుద్దింది. తొడ ఎముక అతికింది గాని, కాలు అంగుళమున్నర పొట్టిదైపోయింది. ఇంట్లోవాళ్లు కారు మీద పరదా కప్పారు. ఇప్పుడు పాత కార్ల సంఘంవాళ్లు అనంతగిరి ఘాట్ రోడ్డు మీద పోటీ పెడుతున్నారు. ఆవిడ పేరిచ్చింది. పోటీకి ఒక నియమం ఉంది. ఈల వేయగానే, బెల్టు పెట్టుకుని కూర్చున్న డ్రైవరు పది సెకన్లలో కారు దిగి నిలబడాలి. క్లచ్చి నేలదాకా తొక్కి చూపించాలి. చెయ్యలేకపోతే ఆ కారును ఇంకెవరైనా నడపాల్సిందే.

ఇంజను తయారైంది. రంగు పడింది. మిగిలింది సీట్లు. పైడిరాజు చెన్నై నుంచి ఒక జత తెప్పించాడు. ఎర్రటి తోలు, రెండు పక్కలా రెక్కల్లా లేచిన అంచులు. మలుపుల్లో మనిషిని ఒడిసిపట్టుకుంటాయి. వాటిని చూసి నేనే సిగ్గుపడ్డాను. ఆటోనగర్‌లో ఒక మర్యాద ఉంది. షెడ్డుకు ఆడవాళ్లు వస్తే ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, దానిమీద తువ్వాలు పరిచి, కూల్‌డ్రింకు తెచ్చి ఇస్తారు. గ్రీజు తగలనివ్వరు. హైమవతి ఎన్నిసార్లు వచ్చినా ఆ తువ్వాలు మీదే కూర్చోబెట్టారు. ఎర్రసీటు బిగించేటప్పుడు అందులో కూర్చుని చూసింది పైడిరాజు. సీట్లు కుట్టే జిలానీ కూర్చున్నాడు. టీ కొట్టాయన కూడా గ్లాసు పట్టుకుని కూర్చుని, "మహారాజులా ఉంది" అని తీర్పు చెప్పాడు.

పోటీ ఇక నాలుగు రోజులుందనగా హైమవతి మొదటిసారి అందులో కూర్చుంది. సీటు ముందు అంచు ఆమె ఎడమ తొడను పైకి తన్నింది. పాదం క్లచ్చిని సగం దాకే తొక్కగలిగింది. పైడిరాజు ఫోనులో టైము చూస్తూ ఈల వేశాడు. ఆమె కుడి రెక్క దాటడానికి తలుపు పట్టుకుంది, పైకప్పు పట్టుకుంది, చివరికి పైడిరాజు భుజం పట్టుకుంది. ఇరవై మూడు సెకన్లు.

పైడిరాజు తల గోక్కున్నాడు. "మేడం గోరూ, ఏటీ అనుకోకండి. మా బావమరిది ఉన్నాడు, లారీ తోల్తాడు. ఆడు నడుపుతాడు, తమరు పక్కన కూకోండి. అందరికీ సెయ్యూపితే సాలు."

"చెయ్యి ఊపడానికైతే మా డాబా మీద నిలబడి ఊపేదాన్ని కదా, ఇంతదూరం ఎందుకు?" అంది హైమవతి. "ఈ సీట్లో ముందు ఎవరెవరు కూర్చుని చూశారు?"

"నాను కూకున్నాను. జిలానీ కూకున్నాడు. టీ కొట్టు గౌరయ్య కూకున్నాడు."

"మరి నేను?"

"తమర్ని గ్రీజులో కూకోబెడతామా? తప్పు కాదేటి!"

"బాగుంది. మీ ముగ్గురికీ చక్కగా సరిపోయింది. ముగ్గురూ కలిసి కొండెక్కి రండి."

జిలానీకి నవ్వొచ్చింది గాని, ఆమె కళ్లు చూసి మింగేశాడు.

ఆమె తిన్నగా రోడ్డు దాటి మా కొట్టుకు వచ్చింది. ఉన్న సీట్లన్నీ బయటపెట్టమంది. పెడల్ ఎంత దూరంలో ఉంటుందో కొలిచి, పైడిరాజు చేత అంతదూరంలో ఒక ఇటుక నిలబెట్టించింది. రవణమ్మ గోనెసంచి పట్టుకుని పరిగెత్తింది. "ఓలమ్మ, బట్టలు మాసిపోతాయి, ఉండండి, ఇది ఏస్తాను!"

"గోనె మీద కూర్చుంటే గోనె సంగతే తెలుస్తుందమ్మా. తియ్యి."

మిట్టమధ్యాహ్నం ఎండలో, నడిరోడ్డు పక్కన, ఆమె ఒక్కో సీట్లో కూర్చోవడం, ఇటుక తొక్కడం, లేవడం. పెద్దకారు సీటులో మెత్తగా దిగబడిపోయింది. "దీంట్లో కునుకొస్తుంది, లేవబుద్ధి కాదు." వ్యానుది మరీ ఎత్తు. ఒకదానికి స్ప్రింగు పొడుచుకొచ్చింది. జనం పోగయ్యారు. "మా మనవడి పెళ్లిసూపులకి కూడా ఇంతమంది రానేదు" అంది రవణమ్మ. పదకొండో సీటు దగ్గర హైమవతి పెదవి కొరికింది. కాలు నొప్పెడుతోందని నాకే తెలిసిపోయింది.

రవణమ్మకు కూడా తెలిసింది. చటుక్కున నామీద నుంచి లేచి, "సీట్లు ఎక్కడికీ పోవు తల్లీ. ముందు ఈ నీడన కూకోండి" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

హైమవతి కళ్లు మూసుకుంది. మంచినీళ్లు తాగింది. గ్లాసు ఇవ్వడానికి లేచింది. లేచి, అలాగే ఆగిపోయింది. ఏమీ పట్టుకోకుండా లేచానన్న సంగతి ఆమెకు అప్పుడు అర్థమైంది. మళ్లీ కూర్చుంది. మళ్లీ లేచింది.

"పైడిరాజూ, ఆ ఇటుక ఇటు తీసుకురా."

ఎడమ తొడ నా గుంతలో పాత మనిషి సొంతింటికి వచ్చినట్టు ఒదిగింది. పాదం ఇటుకను పడగొట్టేసింది.

"అమ్మా, అది నాది!" రవణమ్మ గుండెలు బాదుకుంది. "అది పట్టుకుపోతే నానెక్కడ కూకోవాలి?"

"ఆ ఎర్రసీటు నువ్వు ఉంచుకో."

రవణమ్మ ఎర్రసీటు వైపు చూసింది. నన్ను ఎత్తడానికి తనే ఒక చెయ్యి వేసింది.

నాకు అసలు గండం ఆ తర్వాత వచ్చింది. జిలానీ మంచి పనివాడు. మంచి పనివాడి చేతికి చిక్కితే నాలాంటి సీటు బతకడం కష్టం. నన్ను బల్ల మీద పెట్టి నిమిరి, "ఎడమపక్క కుంగింది, కుడి అంచు చచ్చింది. కొత్త స్పాంజి వేసి రెండూ లేపేస్తా మేడమ్. పెళ్లికొడుకులా చేసి ఇస్తా" అన్నాడు. కత్తెర తీశాడు కూడా.

"ఆ రెండింటికోసమే తీసుకున్నాను జిలానీ. వాటిని ముట్టుకోకు."

"రేపు ఎవరైనా చూసి, ఈ వంకరసీటు కుట్టిన మొనగాడెవడని అడిగితే?"

"హైమవతి మేడమ్ దగ్గరుండి వంకరగా కుట్టించిందని చెప్పు."

జిలానీ కత్తెర కింద పెట్టాడు. తర్వాత నామీద మందపాటి కాగితం పరిచి, గుంత లోతునూ అంచు వాలునూ సుద్దముక్కతో గీసుకున్నాడు. ముప్పై ఏళ్లుగా గుంతలు పూడ్చినవాడు మొదటిసారి ఒక గుంతకు కొలతలు తీశాడు. ఆ కొలతకే నల్లతోలు కోసి, ఎక్కడా ముడత పడకుండా కుట్టాడు. పక్కసీటుగా మిగిలిన ఎర్రదానిమీద కూడా అదే నల్లతోలు తొడిగాడు. నేను కొంచెం ఎత్తు కాబట్టి ఆమె తల పైకప్పుకు తగలకుండా పైడిరాజు నా కింది పట్టాలు రెండు వేళ్లు కిందికి దించాడు. ఈసారి ఒక్కో బోల్టు బిగించినప్పుడల్లా "కూకోండి మేడం" అనేవాడు. తొమ్మిదిసార్లు కూర్చోబెట్టాడు. ఆమె చుడీదార్ నిండా గ్రీజు మరకలు. తువ్వాలు ఎటు పోయిందో ఎవరూ వెతకలేదు.

ఆదివారం పొద్దున కొండ కింద కార్లన్నీ వరస కట్టాయి. తనిఖీ చేసే పెద్దమనిషి మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ. ఒక్కొక్కరికి రెండే అవకాశాలు. హైమవతి క్లచ్చి నేలకు తొక్కింది. ఆయన వంగి చూసి తలూపాడు. బెల్టు పెట్టుకుంది. ఈల.

బెల్టు ఊడింది. కుడి అంచు దాటింది. అంతలో చున్నీ హ్యాండ్‌బ్రేకుకు చిక్కుకుంది. లాగింది, రాలేదు. విడిపించుకుని నిలబడేసరికి పన్నెండు సెకన్లు.

"ఇంకొక్కసారే ఉందండీ" అన్నాడు ఆయన. "మీ కారుకు ఇంకో డ్రైవరు పేరు రాసుకోమంటారా?"

ఆమె చున్నీ తీసి పైడిరాజు చేతిలో పెట్టింది. మళ్లీ కూర్చుంది. ఆమె గుండె కొట్టుకోవడం వీపులోంచి నాకు వినిపిస్తోంది. చేతులుంటే పట్టుకునేవాణ్ని. సీటుకు చేతనైంది ఒక్కటే, అడ్డు రాకుండా ఉండటం. ఆ పని మాత్రం ప్రాణం పెట్టి చేద్దామనుకున్నాను.

ఈల. బెల్టు. కుడికాలు బయట. ఎడమకాలు నా గుంతలోంచి పైకి లేచి, చదునైన అంచు మీదుగా జారింది. ఆమె నిటారుగా నిలబడింది.

ఆయన వాచీ చూసి, కళ్లజోడు సరిచేసుకుని మళ్లీ చూశాడు. "ఎనిమిది."

పైడిరాజు చున్నీ గాల్లోకి ఊపుతూ కేకపెట్టాడు. జిలానీ పక్కనున్న ముక్కూ మొహం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. వీళ్లు ఏడవాల్సిన చోట నవ్వుతారు, నవ్వాల్సిన చోట కళ్లు తుడుచుకుంటారు. ఇన్నేళ్లయినా మనుషులు నాకు పూర్తిగా అర్థం కాలేదు.

హైమవతి మాత్రం మళ్లీ ఎక్కి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. ఇంజను స్టార్టు చేసింది.

"మేడమ్, కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ టేబుల్ దగ్గరికి రండి" అన్నాడు తనిఖీ ఆయన.

"ఇక్కడికే తెస్తారా?"

"ఇప్పుడే ఎనిమిది సెకన్లలో దిగారు కదండీ. ఇంకోసారి దిగడానికేం?"

"పద్నాలుగేళ్లు దిగే ఉన్నానండీ."

ఆయన కాగితాల అట్ట పట్టుకుని, నడుం వంచి, ఆ పొట్టి కిటికీలోంచి లోపలికి చాచాడు. ఆమె స్టీరింగు మీద ఆనించి సంతకం పెట్టింది. ఎడమకాలు నా ముందు అంచు మీదుగా క్లచ్చిని నేలదాకా తొక్కింది. గేరు పడింది. ఎదురుగా ఉన్న కొండ మెల్లగా కదిలి మా మీదికి రావడం మొదలుపెట్టింది.