దీప ఎత్తు బంగారం

తెలంగాణ వచ్చుడు ఖాయమని ఉప్పల్ అంతా చెప్పుకుంటున్న చలికాలం అది. రాజయ్య దుకాణంలో బంగారం గుట్టలు పోసి ఉంది. కళ్లు పెద్దవి చేయకండి, మేడారం జాతరకు పోయేవాళ్లకు బెల్లమే బంగారం. ఎవరి పేర మొక్కుకున్నారో వాళ్లను కాంటాలో కూర్చోబెట్టి, ఆ ఎత్తు బెల్లం తూచి సమ్మక్క తల్లికి సమర్పిస్తారు.

నాచారం కంపెనీలో పనిచేసే చంద్రయ్య తన బిడ్డ దీపను కాంటాలో కూర్చోబెట్టాడు. పోయినేడు జ్వరంతో దవాఖానాలో ఆ పిల్ల పంతొమ్మిది కిలోలకు చిక్కిపోయింది. బరువెక్కితేనే గండం గడిచినట్టన్నాడు డాక్టరు. బెల్లం ఖర్చు పెరగాలని ఆరాటపడే తండ్రిని రాజయ్య చూడటం అదే మొదటిసారి.

"ఇంకోటి వెయ్యి రాజన్నా!"

కిలో ముద్దలు ఒక్కొక్కటే పడ్డాయి. ఇరవై ఎనిమిదికి కాంటా సమమైంది.

"సూసిన్రా టీచరమ్మా!" అన్నాడు చంద్రయ్య, తోడొచ్చిన పక్కింటి అరుణకుమారితో.

అంతలో దీప స్వెట్టర్లోంచి ఏదో ఠంగున పళ్లెంలో పడింది. వాళ్లమ్మ రాణి కూరగాయల బండి మీది రెండు కిలోల తూనికరాయి!

"నేను బరువు లేనని నువ్వు అమ్మతోని చెప్పుకుంట ఏడ్సినవ్ గదా బాపూ. అందుకే పెట్టుకున్న," అని దీప వెక్కివెక్కి ఏడ్చింది.

ఇంకెన్ని రాళ్లున్నాయోనని చంద్రయ్య స్వెట్టరంతా తడిమాడు. ఏమీ లేవు. రాజయ్య ఆ రాయి తీసేసి, రెండు ముద్దలు వెనక్కి తీశాడు. కాంటా మళ్లీ సమంగా నిలిచింది. ఇరవై ఆరు!

"అన్నయ్యగారూ, ఏడు కిలోలు పెరిగింది!" అంది అరుణకుమారి. "ఇంకో సంగతి చెప్పనా? గ్రీకు దేశంలో వెనకటికి తలాంతన్ అనే మాట ఉండేది. మొదట త్రాసుకే ఆ పేరు. తర్వాత త్రాసులో పెట్టే బరువుకి, ఆపైన అంత వెండికీ వచ్చింది. మనం టాలెంట్ అంటామే, దాని పుట్టుక అదే. ఏథెన్సువాళ్ల తలాంతన్ అంటే ఇంచుమించు ఇరవై ఆరు కిలోలు. అంత వెండితో రెండొందల మంది ఓడవాళ్లకి నెల జీతం ఇచ్చేవారట."

"రెండొందల మందికా!" చంద్రయ్య నోరు తెరిచాడు. తన కంపెనీలో ఉన్నదే అంతమంది. గేటు దగ్గర జీతానికి నిలబడే ఆ వరుసంతా కళ్లముందు కదిలింది. ఎన్నడూ చూడని దేశం, ఎప్పటి మనుషులో, వాళ్లూ ఇట్లాగే త్రాసు పట్టుకొని నిలబడ్డారా? ఆ వరుసంత మంది జీతానికి సరితూగే బరువు, కళ్లు తుడుచుకుంటూ తన బిడ్డై కూర్చుందా? తెలియకుండానే చేతులు జోడించాడు.

రాజయ్య బెల్లం మూట కట్టబోయాడు.

"ఆగు రాజన్నా, గా తీసిన రెండు ముద్దలు గూడ వెయ్యి."

"గవెందుకే? గది రాయి బరువు గదా."

"గది గూడ నా బిడ్డ మోసిన బరువే," అన్నాడు చంద్రయ్య.