ఎర్ర బంతికి రెండు బెజ్జాలు

నలభై ఏళ్లుగా లేత్ మిషన్ మీద చెక్క తిప్పుతున్నాను. బొంగరాలతో మొదలుపెట్టాను కాబట్టి వీధిలో అందరికీ నేను బొంగరాలమ్మనే. నా చేతిలోంచి వచ్చిన ప్రతి వస్తువు మీదా కాల్చి వేసిన ముద్ర ఒకటి ఉంటుంది. బెజ్జం తప్పితే దాన్ని పూడ్చి, అతుకేసి, ముద్ర గుద్ది ఇవ్వడం నాకు చేతకాదు. అలాంటిది నేరుగా పొయ్యిలోకే.

మా కోడలు బడిలో సైన్సు చెబుతుంది. చేరి రెండేళ్లయినా ఉద్యోగం ఖాయం కాలేదు. చివరికి ప్రిన్సిపాల్ ఒక మాట తేల్చింది. గురువారం పదకొండు గంటలకు తాను వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటుంది. బాగుంటే ఖాయం, లేదంటే ఆ నెలతో సరి. పాఠమేమో పరమాణువుల గురించి. పిల్లల చేతికి బొమ్మలిచ్చి చెప్పాలని కోడలి ఆశ. ఆ బొమ్మలు చేసిపెట్టమని నన్నడగడానికి రెండు రోజులు నసిగింది. నా నోరు అలాంటిది మరి.

తెల్ల బంతి హైడ్రోజన్, దానికి ఒక బెజ్జం. ఎర్రది ఆక్సిజన్, రెండు. నల్లది కార్బన్, నాలుగు. బెజ్జాల్లో పుల్లలు గుచ్చి ఒకదానికొకటి తగిలిస్తే అణువవుతుంది; ఎర్రదానికి రెండు తెల్లవి తగిలిస్తే నీళ్లు. లెక్క నాకు ఒక్కసారికే ఎక్కింది. కానీ ఆమె గీసిన కాగితంలో ఎర్ర బంతి బెజ్జాలు రెండూ ఒక పక్కకు వాలి ఉన్నాయి. రెండు బెజ్జాలంటే ఎదురెదురుగా వేయాలని నిన్న కాక మొన్న ఉలి పట్టినవాడికైనా తెలుసు. చదువుకున్న పిల్లకు గీత గీయడం రాలేదులే అని నవ్వుకుని, పన్నెండు ఎర్ర బంతులకూ తిన్నగా వేశాను. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

గురువారం పొద్దున పెట్టె తెరిచి చూసిన కోడలి మొహం పాలిపోయింది.

"నీళ్లు వంకరగా ఉండాలత్తయ్యా," అంది మెల్లగా.

ఆ వంకర నేనే సరిచేశానని గొప్పగా చెప్పాను. ఆమె వాదించలేదు. పర్లేదండీ, ఎలాగో చూసుకుంటానని పెట్టె సర్దుకుంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ 'పర్లేదు' ముల్లులా దిగబడింది. బెజ్జాలు వేసే చేతి బరమా, సుత్తి, చిన్న రంపం, నాలుగు పుల్లలు సంచిలో వేసుకుని, పెట్టె మోసే వంకతో వెంట బయలుదేరాను.

పాఠం మొదలయ్యాక, గుమ్మం పక్కన కూర్చుని నోరు తెరుచుకుని విన్నది నేనే. హైడ్రోజన్ భగ్గున మండుతుందట, ఆక్సిజన్ మంటను ఎగదోస్తుందట. ఆ రెండూ కూడితే వచ్చే నీళ్లు మాత్రం మంటను ఆర్పేస్తాయట. కూడినదానికి పాత గుణాలు పోయి కొత్తవి వస్తాయని, దాన్నే సమ్మేళనం అంటారని చెప్పింది. ఇంట్లో నా ఎదుట గట్టిగా తుమ్మని పిల్ల అక్కడ క్లాసు మొత్తాన్ని కళ్లతోనే ఆడిస్తోంది. నాకు గర్వంగా అనిపించింది.

ఇంతలో కిటికీ పక్కనున్న అమ్మాయి తన బొమ్మ ఎత్తి చూపింది. పుస్తకంలో నీటి అణువు వంగి ఉంటే ఇదేమిటి తిన్నగా ఉందని అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి సంచి మీదికి పోయింది. ప్రిన్సిపాల్ రాయడం ఆపి తలెత్తింది.

"తప్పు నాదే. నేను బొమ్మ సరిగా గీయలేదు," అంది కోడలు.

ఆ ఒక్క మాటతో ఉద్యోగం చేజారేలా ఉంది. నా మీదికి తోసేస్తే సరిపోయేది, తోయలేదు. నాకు ఒళ్లు మండింది, ఆమె మీద కాదు. లేచి నిలబడ్డాను.

"అబద్ధమమ్మా. మా కోడలు సరిగానే గీసింది. నాకే అన్నీ తెలుసనుకుని తిన్నగా వేశాను. తప్పు నాది."

నలభై ఏళ్లలో ఆ చివరి రెండు మాటలు నా నోట రావడం అదే మొదలు. ప్రాణమేమీ పోలేదు.

ఆ అమ్మాయి చేతిలోని బంతి తీసుకున్నాను. ఒక బెజ్జంలో పుల్ల దిగగొట్టి, పైకి మిగిలింది రంపంతో కోసేశాను. కోడలు కోణమానిని ఆనించి, నూట నాలుగున్నర డిగ్రీల దగ్గర పెన్సిలుతో గుర్తు పెట్టింది. బంతి ఆమె పట్టుకుంది, బరమా నేను తిప్పాను.

నేను తిప్పుతుండగానే ఆమె పాఠం అందుకుంది. ఇలా వంగి ఉండబట్టే నీటి అణువుకు ఒక పక్క కాస్త ధనావేశం, ఇంకో పక్క కాస్త ఋణావేశం చేరతాయట. అందుకే పక్క అణువును పట్టి లాగుతుందట. తిన్నగా ఉంటే ఆ పట్టు ఉండదు, నీళ్లన్నీ ఆవిరై గాలిలోనే తిరిగేవట.

"మా అత్తయ్య మొదట చేసింది కూడా పారేయకండి," అంది పిల్లలతో. "నీళ్లు అలా ఉండుంటే మనకు తాగడానికి చుక్క మిగిలేది కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి."

ప్రిన్సిపాల్ వచ్చి రెండూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. సోమవారం వచ్చి ఉద్యోగం కాగితం తీసుకోమని కోడలికి చెప్పింది. మిగతావి సరిచేసివ్వమని, ఒకటి మాత్రం తిన్నగానే ఉంచమని నాకు చెప్పింది.

ఇంటికొచ్చాక, అన్నీ కొత్తగా తిప్పుతానని అతుకు పడ్డ బంతిని పొయ్యిలో వేయబోయాను. కోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనికి ముద్ర వేయండత్తయ్యా."

అతుకు పడ్డదానికి నలభై ఏళ్లలో ఎన్నడూ వేయలేదన్నాను.

"ఇవాళ మీరు మొదటిసారి అన్న మాట కూడా ఒకటి ఉందిగా," అంది.

చూశారా, ఉద్యోగం ఖాయమైన పూటే నోరొచ్చింది. ముద్ర ఎర్రగా కాల్చి, అతుకు పక్కనే, అందరికీ కనబడే చోట అదిమి పెట్టాను.