మోగని ఉలవగింజ

అరబ్బు దేశంలో, అల్ తుమామాలో ఒక విల్లా ప్రహరీని ఆనుకుని ఉన్న డ్రైవర్ల గదిలో, శుక్రవారం జుమ్మా నమాజు ముగించుకుని రఫీ తిరిగివచ్చే వేళకు, ఓబులయ్య పాలు లేని సులేమానీ టీ కాచి, రెండు గ్లాసుల్లో పోసి, నడుమ ఒక చెక్కపెట్టెను ఉంచి కూర్చునేవాడు. పదకొండు నెలలుగా అదే వరస. టీ చల్లారేది, పెట్టె తెరుచుకునేది కాదు.

ఇద్దరూ ఒకే ఇంటి డ్రైవర్లు. ఓబులయ్యది జమ్మలమడుగు దగ్గర పల్లె, వడ్రంగుల ఇల్లు. రఫీది రాయచోటి. ఆ పనిలో బండి నడపడం కంటే ఎదురుచూడడం ఎక్కువ. బడి ముందర, ఆస్పత్రి ముందర, మాల్ కింది పార్కింగులో గంటలకు గంటలు. తక్కినవాళ్ళు ఫోన్లలో తల దూర్చి ఆ గంటలు గడిపేవారు. ఓబులయ్యకు ఒకనాడు, యజమాని పిల్లలు విసుగెత్తి కారులో పారేసిన చెక్కముడి ఒకటి దొరికింది: ఆరు కడ్డీలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిన బొమ్మ. మూడు రోజులు తిప్పాడు. నాలుగో రోజు ఒక కడ్డీ వెంట్రుకవాసి జరిగింది.

ఆ జరుగుదలలో ఏముందో చెప్పడం కష్టం. అంతవరకూ మూసుకున్న లోకం తన పేరు అడగకుండా, కాగితాలు చూడకుండా, సరైన చోట వేలు పెట్టినందుకు మాత్రమే దారి ఇచ్చినట్టుంది. ఇరవై ఏళ్ళ పరాయి బతుకులో అతనితో అంత న్యాయంగా నడుచుకున్న వస్తువు మరొకటి లేదు.

అప్పటినుంచి తనే చేయసాగాడు. తండ్రి ఉలులు రెండు ఊరినుంచి తెప్పించుకున్నాడు. ఊరవతల ఉమ్ సలాల్‌లో ఇమామ్ అనే తోటమాలి ఎండిన రేగుకొమ్మలు ఇచ్చేవాడు. చేసినవాటిలో చివరిదీ, గొప్పదీ ఈ పెట్టె: ఏడు పలకలు, పదకొండు కదలికలు. చూపు మందగించి, గీతమీద ఉలి నిలవడం లేదని తెలిసిననాడు, ఉలులున్న రేకుడబ్బా తాళంచెవిని ఇందులో వేసి మూసి రఫీ ముందర పెట్టాడు. తను ఊరికి వెళ్ళిపోయేలోగా ఆ ఉలులను ఒక చేతిలో పెట్టాలి. పెట్టె విప్పిన చేయి ఏదో, ఆ చేయి అదే.

షరతులు రెండు. చేసినవాడు దారి చెప్పకూడదు. విప్పేవాడు బలం చూపకూడదు.

ప్రతి శుక్రవారం రఫీ నొసలు ముడిచేవాడు, పెదవి కొరికేవాడు, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. లోపల ఏమన్నా ఉందా, ఉత్త మొద్దు చెక్కి ఇచ్చినావా అని ఎగతాళి చేసేవాడు. ఓబులయ్య మీసాల్లో నవ్వుకునేవాడు. తాను వేసిన దారిలో ఇంకొక మనసు తచ్చాడుతోంది. ఈ మలుపులో ఆగింది, ఆ మలుపులో మోసపోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. నలుగురిలో నోరు విప్పలేని మనిషికి అంతకంటే పెద్ద ముచ్చట ఏముంటుంది? వారమంతా స్టీరింగు వెనక కూర్చుని, రఫీ వేళ్ళు ఎంతదాకా వచ్చాయో తలచుకునేవాడు.

బుధవారం ఊరికి ప్రయాణం అనగా, ఆ ముందరి శుక్రవారం, రఫీ టీగ్లాసు పక్కన తాళంచెవి పెట్టాడు.

"తీసుకో ఓబులన్నా. తెరిసినా."

ఓబులయ్యకు కళ్ళు చెమర్చాయి. రఫీ భుజం పట్టుకున్నాడు. రేకుడబ్బా తెచ్చేందుకు లేస్తూ, తండ్రి నేర్పిన అలవాటుకొద్దీ పెట్టెను చేతిలోకి తీసుకుని ఒకసారి ఊపాడు.

చప్పుడు లేదు.

ఓబులయ్య తండ్రి పెద్దిళ్ళ ఆడవాళ్ళకు నగలపెట్టెలు చేసేవాడు. ప్రతి పెట్టె గోడలోనూ ఒక ఉలవగింజ దాచేవాడు. నాలుగో పలక సరైన దారిలో జరిగితే గింజ గూడు వీడి లోపలి కాలువలో పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడు ఊపినా టకటకమంటుంది. తాను మూసేటప్పుడు గింజను మళ్ళీ గూట్లో పెట్టే ఇంటావిడ, తనకు తెలియకుండా ఎవరైనా పెట్టె తెరిచారా అన్నది అలా కనిపెట్టేది. ఓబులయ్య కూడా ఈ పెట్టెలో గింజ వేశాడు. అది ఇంకా గూట్లోనే ఉంది.

పెట్టెను తలకిందులు చేశాడు. అడుగుపలక అంచున సన్నని జిగురుచార. గోటితో గీరాడు. పసుపుబారిన జిగురు, అందులో ఇంకిన దుమ్ము. నిన్నటిది కాదు, మొన్నటిది కాదు.

"ఎప్పుడు పెరికినావు?"

రఫీ నవ్వబోయి మానుకున్నాడు. రెండో నెలలోనే అన్నాడు. చేతులు విసిగి, కారులోని స్క్రూడ్రైవరుతో అడుగు ఎత్తి, తాళంచెవి తీసుకుని, మళ్ళీ అంటించాడట.

"మరి ఈ తొమ్మిది నెలలు?"

"నువ్వు చూస్తాంటివి కదన్నా, చిన్నపిల్లోని మాదిరి. శుక్రారం వస్తే నీ మొగంలో ఆ ఎలుగు... చెప్పబుద్ధి కాలే. పొయ్యేలోపల తెరిసినానంటే నీ మనసు నిమ్మళంగా ఉంటాదనుకున్నా."

ఉలుల మీద ఆశతో చేశానని చెప్పి ఉంటే ఓబులయ్య కోప్పడి ఊరుకునేవాడేమో. ముడిచిన నొసలు నటన. కొరికిన పెదవి నటన. చెవి ఒగ్గి విన్నదీ నటనే. తొమ్మిది నెలలుగా ఆ దారిలో ఎవరూ నడవలేదు. పోటీకి నిలిచిన మనిషి అనుకున్నవాడు, జాలిపడి ఎదుట కూర్చున్నాడు. పెట్టెను తాను చేశాననుకున్నాడు ఓబులయ్య. పెట్టె తానై, రఫీ చేతుల్లో తిరిగాడు.

"ఇప్పుడన్నా చెప్పన్నా, అది నిజంగా ఎట్ల తెరుచుకుంటాది?"

రఫీ కళ్ళలో ఇప్పుడే మొదటిసారి తెలుసుకోవాలన్న ఆకలి కనబడింది. ఓబులయ్య బొటనవేలు తనంతట తానే మొదటి పలక మీదికి పోయింది. అక్కడే ఆగింది. వెనక్కి వచ్చింది.

"చేసినోడు చెప్పకూడదు కదప్పా" అన్నాడు. టీ తాగకుండానే లేచాడు.

బుధవారం రఫీయే విమానాశ్రయానికి దింపాడు. ఉలులు పెద్దపెట్టెలో, లుంగీ మడతల్లో ఉన్నాయి. ఊళ్ళో వాటికి చేయి దొరకదని తెలిసే సర్దుకున్నాడు. దిగుతుంటే రఫీ చెక్కపెట్టెను చాచాడు. ఎత్తుకపో అన్నాడు.

"ఉండనీ. దాంట్లో ఒక ఉలవగింజ ఉంది. అది మోగిన్నాడు ఫోన్ చెయ్" అన్నాడు ఓబులయ్య. "అంతవరకూ చెయ్యాకు."

వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురుగా అద్దాల తలుపు, ఎవరూ వేలు పెట్టకుండానే, తెరుచుకుంది.